రిలీవర్ వచ్చేదాకా

బొల్లారం,
అక్టోబర్ 6

చిన్నమ్మ సోమమ్మకు,

ప్రభువు నామమున వందనాలు. ఇక్కడ నేను, నీ కోడలు రేఖ క్షేమం. లక్డారంలో నువ్వూ, నీ మోకాళ్లూ క్షేమమని తలుస్తాను.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఏమిటని కంగారు పడకు. ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేశాను. అంత్యదినాల మీద వీడియోలు చేసే ఒక అయ్యగారు, ఫోన్ అంటే ప్రకటన గ్రంథంలోని మృగం వేసిన సంకెల అని చెప్పాడు. యుద్ధాలు, భూకంపాలు అన్నీ కూడి చూపించాడు. ప్రభువు రాకడ నవంబర్ ఇరవై ఒకటిన. నీళ్లు చేదవుతాయని వాక్యంలో ఉంది కదా, మా బస్తీ బోరు నీళ్లు నోట్లో పెట్టుకోలేకపోతున్నాం.

డిసెంబర్ షిఫ్టు చార్టులో నా పేరు వేయొద్దని మా సూపర్‌వైజర్ శివశంకర్‌తో చెప్పాను. "డ్యూటీకి రానంటె లీవ్ లెటర్ రాయాలె అన్నా. కారణం ఏం రాస్తవ్?" అన్నాడు. నిజమే రాసిచ్చాను. అతను ఇంకా సంతకం చేయలేదు.

పిల్లల కోసం ప్రార్థన చేయడం కూడా మానేశాను చిన్నమ్మా. రెండుసార్లు ఆశపడ్డాం, రెండుసార్లూ చేతిదాకా వచ్చి పోయింది. మళ్లీ ఆ దుఃఖం పడే ఓపిక నాకు లేదు. అంతకంటే ఆయనే జల్దీ వస్తే అందరికీ మంచిది. నన్ను పెంచిన దానివి, నిన్ను వదిలి నేనొక్కణ్నే పరలోకానికి ఎత్తబడితే బాగుండదు. నువ్వూ సిద్ధపడు.

ప్రభువునందు నీ కొడుకు,
జైపాల్

తా.క. ఈ ఉత్తరం మా మందుల కంపెనీ బస్సు డ్రైవర్ మొగులయ్య తెస్తాడు. నేను షిఫ్టుకు ఉరుకుతుంటే కవరు రేఖే అంటించింది. జవాబు మొగులయ్యకే ఇవ్వు.

లక్డారం,
అక్టోబర్ 9

చిరంజీవి జైపాల్‌కు,

చిన్నమ్మ ఆశీర్వాదాలు. కవరులో ఉన్నదంతా రెండుసార్లు చదివాను. సంతోషంతో ఏడ్చాను. ఏడ్చింది సంతోషంతోనే అంటే మొగులయ్య నమ్మలేదు. నన్ను ఒంటరిగా వదలలేక రెండు టీలు తాగేదాకా కూర్చున్నాడు.

నువ్వన్నట్టే సిద్ధపడుతున్నాను. లోపలి గదికి సున్నం వేయిస్తున్నాను. దూలానికి రెండు ఇనుప కొండ్లు కొట్టించాలి. పటాన్‌చెరు నుంచి మెత్తని తెల్లగుడ్డ నాలుగు మీటర్లు తీసుకుని పంపు. గంజి లేనిది చూడు.

బోరు నీళ్లంటావా, మన దిక్కు అవి ముప్పై ఏళ్లుగా చేదే. ఆ లెక్కన ప్రభువు నువ్వు నిక్కర్లు తొడిగే నాటికే రావాలి.

రేఖతో బిందెలు మోయించకు.

నీ చిన్నమ్మ,
సోమమ్మ

తా.క. ఫోన్ ముట్టొద్దన్న ఆ అయ్యగారు ఆ మాట ఫోన్‌లోనే చెప్పాడా?

బొల్లారం,
అక్టోబర్ 22

విశ్వాసంలో నన్ను మించిన చిన్నమ్మకు,

వందనాలు. తెల్లగుడ్డ అందిందని మొగులయ్య చెప్పాడు. అది రాకడ నాడు తొడిగే మహిమ వస్త్రాలకని నువ్వు చెప్పకపోయినా అర్థం చేసుకున్నాను. కొండ్లు దీపాలు వేలాడదీయడానికని కూడా. ఒక్క ఉత్తరానికే నువ్వు ఇంత సిద్ధపడతావని నేను అనుకోలేదు. రేఖకు చదివి వినిపిస్తే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని అటు తిరిగింది. నేను రాకడ లెక్క చెబుతుంటే కూడా అంతే, చింతకాయ తొక్కు నాకుతూ వింటుంది గానీ భయపడదు.

ఒక్క సంగతే మింగుడు పడడం లేదు. నువ్వు చూడి మేకను కొన్నావట. రాకడకు నెల కూడా లేదు. ఆ మేక ఎప్పుడు ఈనాలి, దాని పాలు మనం ఎప్పుడు తాగాలి?

నీ కొడుకు,
జైపాల్

తా.క. నువ్వు కుట్టిన చొక్కా ఒకటి మొగులయ్య చూశాడట. చేయి జానెడు కూడా లేదన్నాడు. ఒకసారి సంగారెడ్డి వెళ్లి కళ్లు చూపించుకో.

లక్డారం,
నవంబర్ 2

చిరంజీవి జైపాల్‌కు,

ఆశీర్వాదాలు. నా కళ్లు బాగానే ఉన్నాయి. ఆయన దగ్గరికి చిన్నపిల్లల్లా రావాలని వాక్యంలో లేదా? చేతులు అంతే ఉండాలి. మేక పాలు నీకు కాదు, ఆశపడకు.

ఇప్పుడొక మాట వినిపించుకో. పోయిన ఏడు క్రిస్మస్ ఆరాధనకు నువ్వు రాలేదని అలిగి నేను మూడు రోజులు మాట్లాడలేదు. అప్పుడు నువ్వేమన్నావు? "నా తర్వాతి షిఫ్టు రిలీవర్ రాలె చిన్నమ్మా. ఆయన వచ్చి లాగ్‌బుక్కుల సంతకం పెట్టేదాక రియాక్టర్ ఇడిసి రావొద్దు" అన్నావు. పదహారు గంటలు నిలబడ్డావు. పైకి అలిగాను గానీ లోపల ఎంత గర్వపడ్డానో నీకు తెలియదు.

రిలీవర్ వస్తాడని నీకు తెలుసు, ఎప్పుడో తెలియదు. అలాగని గేటు దగ్గర నిలబడి దారి చూశావా? వాల్వులు చూసుకున్నావు. ఇన్నేళ్లుగా నేను మన చర్చి గుడి ఊడ్చేదీ అందుకే. ఆ రోజు ఎవరికీ తెలియదని ప్రభువే చెప్పాడు కదా. ఊడ్చి ఉంచితే ఏ రోజు వచ్చినా నాకు పర్వాలేదు. నీ చేతికి ఏం అప్పగించాడో నువ్వు అది చూసుకో.

నీ చిన్నమ్మ,
సోమమ్మ

తా.క. ఇరవై ఒకటిన పొద్దున్నా, సాయంత్రమా, అయ్యగారిని అడిగి చెప్పు. ఆ రోజు మేకకు గడ్డి వేయాలో వద్దో తెలియాలి.

బొల్లారం,
నవంబర్ 22

చిన్నమ్మకు,

వందనాలు. నిన్న ప్రభువు రాలేదు. సైరన్ వచ్చింది.

పొద్దున పదకొండుకు రియాక్టర్ దగ్గర ఉన్నాను. ఒక్కసారిగా కూత మొదలైంది. ఆ సైరన్ నాకు కొత్త కాదు, కానీ నిన్న మాత్రం ప్రభువు రాకడను చాటే కడబూర అనే అనుకున్నాను. రెండు నెలలుగా రమ్మని పిలుస్తున్నవాణ్ని, చేతులెత్తి ఆహ్వానించాలి కదా. నేనేం చేశానో తెలుసా? "ప్రభువా, మార్చి దాక ఆగు" అని అరిచాను.

చూస్తే మాక్ డ్రిల్. అందరూ మైదానంలోకి ఉరికారు. నాకు నీ ఉత్తరం గుర్తొచ్చి, ఆవిరి వాల్వు కట్టేసి అందరి వెనకాల వెళ్లాను. శివశంకర్ నా అరుపు విన్నాడు. "ఎమర్జెన్సీకి ఎవడన్న టైమడుగుతడా అన్నా?" అన్నాడు. రిపోర్టులో కూడా రాశాడు, ఆపరేటర్ జైపాల్ మార్చి వరకు గడువు కోరాడని.

చిన్నమ్మా, రేఖకు ఆరో నెల. మార్చిలో కాన్పని డాక్టరమ్మ చెప్పింది. ఎవరికీ చెప్పలేదు, రేఖనూ చెప్పనివ్వలేదు. రెండుసార్లు ఊరంతా చెప్పుకుని, తర్వాత ఒక్కొక్కరికీ లేదని చెప్పుకున్నాను. మార్చి రాకముందే లోకం ముగిసిపోతే మళ్లీ పోగొట్టుకునే పని ఉండదనుకున్నాను. నాది ఆయన మీద ప్రేమ కాదు, భయం. నిన్న ఇంటికి వచ్చి రేఖ పొట్ట మీద చేయి పెట్టి ప్రార్థన చేశాను. లోపలి నుంచి తన్నింది. నీ దగ్గర దాచినందుకు క్షమించు.

నీ కొడుకు,
జైపాల్

తా.క. అయ్యగారు లెక్కలో ఒక యుద్ధం కలపడం మరిచిపోయాడట. కొత్త తేదీ వచ్చే జూన్. సభలకని మూడేళ్లకు హాలు కిరాయికి తీసుకున్నాడని రేఖ తన ఫోన్‌లో చూసి చెప్పింది.

లక్డారం,
నవంబర్ 24

చిరంజీవి జైపాల్‌కు, రేఖకు, ఇంకా పేరు పెట్టని మనిషికి,

ఆశీర్వాదాలు. నువ్వు దాచిందేమీ లేదు బిడ్డా. నీ మొదటి ఉత్తరం కవరు అంటించింది ఎవరు? అందులో రేఖ ఒక చీటీ పెట్టింది. "చిన్నమ్మా, నాకు ఐదో నెల పడ్డది. ఆయనకు భయమైతుంది, నాక్కూడ అయితుంది. నాకు అమ్మ లేదు, నువ్వే సిద్ధంగ ఉండు" అని రాసింది. నువ్వూ సిద్ధపడమనే రాశావు. ఇద్దరి మాటా ఒకే పనితో చెల్లించాను.

సున్నం వేసింది బాలింత గదికి. కొండ్లు ఉయ్యాలకు. మేక పాలు రేఖకు. చొక్కాలు ఐదు అయ్యాయి.

మళ్లీ ఏమవుతుందోనని నాకు మాత్రం భయం లేదా? రేపటి సంగతి నాకు చెప్పే అయ్యగారు లేడు. భయపడుతూనే కుట్టాను. అందుకే ఒక చొక్కాకు చేయి వంకరగా వచ్చింది. ఆయన తప్పకుండా వస్తాడని నమ్ముతాను, వచ్చేలోపు ఇచ్చిందాన్ని ప్రేమగా చూసుకుంటాను. నాకు తెలిసిన విశ్వాసం ఇంతే. డిసెంబర్ చార్టులో పేరు వేయించుకుని, ఆదివారం ఇద్దరూ రండి.

మీ చిన్నమ్మ,
సోమమ్మ

తా.క. నిన్న గుడి ఊడుస్తూ నీ మాట ప్రభువుకు నేనూ చెప్పాను. మార్చి దాకా ఆగితే మేలు, ముందే వస్తానంటే కూడా రమ్మన్నాను, ఇల్లు సిద్ధంగానే ఉంది. కానీ ఆ వంకర చొక్కా తొడిగి బిడ్డను ఒక్కసారి ఎత్తుకునేదాకా నా లాగ్‌బుక్కులో ఆయన్ని సంతకం పెట్టనివ్వనని గట్టిగా చెప్పాను.