పేరు లేని కామెర్లు

మాంగో, జమ్‌షెడ్‌పూర్
9-6-1986

బంగారం లాంటి పద్మక్కకి,

అమ్మకి చెప్పనని ఒట్టేసుకుని ఈ ఉత్తరం చదువు. నా కళ్ళు పచ్చబడ్డాయి. నాకిప్పుడు ఎనిమిదో నెల. కుళాయి నీళ్ళలో మురుగు కలిసి మా గల్లీలో ఇంటికొకరు మంచం పట్టారు. మగాళ్ళు లేచి డ్యూటీలకి పోతున్నారు గాని, కడుపుతో ఉన్న ఇద్దరు మాత్రం మళ్ళీ లేవలేదు. మా అత్త "పసరు తాగితే తగ్గిపోద్ది, ఆసుపత్రి ఏటికే?" అంటుంది. మీ మరిది రైల్వే షెడ్డులో సెలవు పెట్టి నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆ డాక్టరు "ఇస్‌కీ దవా నహీ హై, బేటీ" అన్నాడు, దీనికి మందే లేదట.

నువ్వు పూనాలో ఈ రోగం పుట్టుపూర్వోత్తరాలే చదువుతున్నావు కదా అక్కా. వాళ్ళకి తెలియని మందు నీకు తెలిసే ఉంటుంది. వెంటనే రాయి. భయంగా ఉందని ఈయనకి చెప్పలేదు, నీకే చెబుతున్నాను.

నీ చెల్లి
అమ్మణ్ణి

పూనా
16-6-1986

నా చిట్టితల్లీ,

నీ ఉత్తరం ల్యాబ్ మెట్లమీదే చదివేశాను. నా దగ్గర మందు లేదమ్మా. రక్తపరీక్షల్లో ఈ వైరస్ మనకు తెలిసిన కామెర్ల రకాల్లో ఎ కాదు, బి కాదు అని తేలుతోంది. దానికింకా పేరే లేదు. దాన్ని పట్టుకుని, జన్యువుల్లోని అక్షరాల వరస చదవాలని చూస్తున్నాం. ఇంతవరకు ఒక్క అక్షరం చదవలేకపోయాం.

మా సార్ నీ సంగతి విని, "ఆ ప్రాంతపు రకం మన దగ్గర లేదు. మీ చెల్లెలి మలం కొంచెం ఐసులో పెట్టించి తెప్పించు" అన్నారు. "అది నా చెల్లెలండీ, శాంపిల్ కాదు" అని వచ్చేశాను. దానివల్ల నీకు ఒరిగేదేమీ లేదు. నేను అడగను. నీ దగ్గర ఏదీ దాచలేక రాశాను, అంతే. పసరు మానేసి ఆసుపత్రిలో చేరు. సెలవు దొరికిన రోజే బయల్దేరతాను.

నీ అక్క
పద్మకుమారి

టాటానగర్ స్టేషన్
23-6-1986

వదినగారికి,

కల్యాణ్‌లో బొంబాయి మెయిల్ దగ్గర ఉండమని టెలిగ్రాం ఇచ్చాను గాని, అసలు మాట అందులో రాయడానికి చెయ్యి రాలేదు. నిన్న పొద్దున్న అమ్మణ్ణి పోయింది. బిడ్డ కూడా దక్కలేదు.

మీ ఉత్తరం ఆసుపత్రిలో నేనే చదివి వినిపించాను. మీ సార్ మాట దగ్గర ఆగిపోతే, "ఏటి మింగేత్తన్నావు? సదువు" అంది. చదివాక నాకే కోపమొచ్చింది. "నీకు పనికిరానిది ఎందుకివ్వాలి?" అన్నాను. తను నవ్వింది. "అక్కకి అప్పడాలు పంపుదామనుకున్నాను. ఛీ, ఇదేటి పంపడం" అంది. కాసేపటికి, "పంపీ. నాకు మందు లేదని అక్క ఏడుత్తాది. చేతిలో ఏటో ఒకటుంటే పన్జేసుకుంటాది" అంది. మర్నాటికి తెలివి తప్పింది. మళ్ళీ నన్ను గుర్తుపట్టలేదు.

ఆసుపత్రి నర్సు దాన్ని సీసాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచింది. ఆ సీసాని ఐసు డబ్బాలో సర్దాను, ఈ ఉత్తరం దాంతోనే వస్తోంది. మెయిల్ గార్డు మనవాడే, పెద్ద స్టేషన్లలో ఐసు మారుస్తానన్నాడు. అది ఎంతదూరం నిలుస్తుందో, మీకు పనికొస్తుందో లేదో నాకేమీ తెలియదు. డబ్బా మీద లోపలున్నదేమిటో రాయమన్నాడు. ఏం రాయాలో తోచక, అమ్మణ్ణి అని రాశాను.

మీ మరిది
ధర్మరాజు