రాజుగారి వెనక నాలుగో భటుడు

రేపల్లె

తెనాలిలోని కాలచక్రం డాక్యుమెంటరీస్ యజమానులకు, రిటైర్డ్ సోషల్ టీచరు కమలమ్మ వందనములతో వ్రాయునది.

ఇక్కడ మేము క్షేమం. మీరు క్షేమమో కాదో ఈ ఉత్తరం చదివాక తేలుతుంది.

మా బస్టాండులో మీరు అంటించిన కాగితం చూశాను. భట్టిప్రోలును ఏలిన కుబీరక రాజు మీద డాక్యుమెంటరీ తీస్తున్నారని చదివి ముందు సంతోషించాను. మన పక్క ఊరి రాజు. రెండు వేల ఏళ్ల పైమాట. స్తూపంలో దొరికిన రాతిపెట్టె మీద పేరుంది కాబట్టి ఆయనొకడు ఉండేవాడని తెలుసు, అంతకు మించి తెలిసింది తక్కువ. రంగు అసలే తెలియదు. అలాంటిది మీరు కాగితం అడుగున ఏం రాశారు? "రాజకుటుంబం పాత్రలకు తెల్లని మేనిఛాయ తప్పనిసరి. భటులు, సేవకులు, ప్రజల పాత్రలకు నల్లగా ఉన్నవారు సంప్రదించవచ్చు."

అయ్యా, ఈ ఎండ అప్పట్లో భటుల మీదే కాసేదా? రాజుగారి గుమ్మం దాకా వచ్చి, లోపల తెల్లవాళ్లున్నారని వెనక్కి తిరిగేదా? చరిత్ర తెలియకపోతే తప్పు లేదు. తెలియని చోట పౌడరు రాయడం తప్పు.

ఈ నేల మీద పుట్టిన రాజు ఎలా ఉంటాడో చూడటానికి మా తమ్ముడు సుందరయ్య ఫోటో జత చేస్తున్నాను. చూసి సిగ్గు తెచ్చుకోగలరు.

ఇట్లు,
కమలమ్మ

తా.క. ఫోన్ నంబరు ఇవ్వడం లేదు. ఫోనులో అయితే సిగ్నల్ లేదంటారు. ఉత్తరానికి ఆ సౌకర్యం లేదు.

---

తెనాలి

గౌరవనీయులైన కమలమ్మ గారికి, కాలచక్రం డాక్యుమెంటరీస్ కాస్టింగ్ మేనేజరు వినయ్ కుమార్ నమస్కరించి వ్రాయునది.

మీ దరఖాస్తు, ఫోటో అందాయి. అభినందనలు! శ్రీ సుందరయ్య గారు నాలుగో భటుడి పాత్రకు ఎంపికయ్యారు. ఆ ఎత్తు, ఆ మీసం, గుడ్లురిమే పద్ధతి మా డైరెక్టరు గారికి ఎంతో నచ్చాయి. ఫోటోలో ఉన్న కిరీటం మాత్రం ఇంట్లో పెట్టి రావలెను. భటులకు కిరీటాలు ఉండవు.

చరిత్ర మీద మీకున్న ఆసక్తిని గమనించి మీకు కూడా ఒక పాత్ర ఇస్తున్నాం. రాణిగారికి వింజామర వీచే ముసలి దాసి. డైలాగు లేదు కాబట్టి కంగారు పడనక్కర్లేదు.

భవదీయుడు,
వినయ్ కుమార్

తా.క. ఫోటోలో ఆయన పక్కన నిలబడ్డది మీరే అనుకుంటాను. ఆ తెల్ల జుట్టు సొంతమేనా? అయితే మాకు విగ్గు ఖర్చు తప్పుతుంది.

---

రేపల్లె

నాయనా వినయ్ కుమార్, వందనాలు.

నేను రాసింది దరఖాస్తు కాదు, చీవాట్లు. జీవితమంతా పిల్లల ఆన్సరు పేపర్లు దిద్దాను. ప్రశ్నను ఇంత ఘోరంగా అర్థం చేసుకున్నవాణ్ణి నిన్నే చూస్తున్నా.

ఆ ఫోటో మా చర్చి క్రిస్మస్ నాటకంలోది. మా దగ్గరా ఒక పద్ధతి ఏడ్చింది. ఎర్రగా ఉన్న కుర్రాడు యోసేపు. ఇంకా ఎర్రగా ఉన్న పిల్ల మరియ. నల్లగా, పొడుగ్గా ఉన్న మా సుందరయ్య ఎప్పుడూ హేరోదు, అంటే పసిపిల్లల్ని చంపించిన రాజు. పాస్టర్లు మారారు, కమిటీలు మారాయి, హేరోదు మారలేదు. నేను ప్రతి ఏడూ కమిటీతో పోట్లాడతాను, ప్రతి ఏడూ ఓడిపోతాను.

వాడు లైన్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాడు. వానలో, గాలిలో స్తంభాలెక్కి ఈ చుట్టుపక్కల ఊళ్లకు వెలుగిచ్చిన మనిషి. అలాంటివాణ్ణి చూసి వీధిలో బాలింతలు బిడ్డ మీద కొంగు కప్పుతారు. నవ్వులాటకే అనుకో. వాడికి మాత్రం నవ్వు రాదు.

నీ ఉత్తరం వాడి కంట పడింది. "అక్కా, ఒక్కసారన్నా జనానికి మంచి చేసే రాజుగా నిలబడాలనుందే" అన్నాడు. నా దగ్గర వాడు నోరు తెరిచి ఏదన్నా అడగడం అరుదు. అందుకని చెబుతున్నా విను. వస్తే రాజుగానే వస్తాడు. భటుడిగా రాడు.

ఇట్లు,
కమలమ్మ

తా.క. తెల్ల జుట్టు సొంతమే. నీలాంటివాళ్లకు పాఠాలు చెప్పి సంపాదించుకున్నది.

---

తెనాలి

కమలమ్మ మేడం గారికి, వినయ్ కుమార్ నమస్కారములు.

శ్రీ సుందరయ్య గారి మేనేజరు మీరేనని ఈ ఉత్తరంతో అర్థమైంది. గట్టి బేరమే ఆడారండి. డైరెక్టరు గారితో మాట్లాడి ఆయన్ని గుమ్మం దగ్గర్నుంచి సరాసరి సింహాసనం వెనక్కి మార్పించాను. చేతికి బల్లెం కూడా ఇస్తున్నాం. మిగతా భటులకు ఉత్త కర్రలే.

రాజు వేషానికి ముంబయి నుంచి మోడల్ గారు ఖాయమైపోయారు. రంగు విషయంలో మా చరిత్ర సలహాదారు పూర్ణచంద్రరావు గారి అభిప్రాయం ఏమిటంటే, రాజులు నీడపట్టున ఉంటారు కాబట్టి తెల్లగానే ఉంటారు. చారిత్రక వాస్తవికతలో మేము రాజీపడం. సింహాసనం కూడా పాతదే. బాపట్లలో మూతపడ్డ కల్యాణమండపం నుంచి తెచ్చాం.

షూటింగు బాపట్లలో, పాత రైస్‌మిల్లులో. వచ్చే సోమవారం.

భవదీయుడు,
వినయ్ కుమార్

తా.క. మా రాజుగారి కిరీటం కూడా తెనాలిలో నాటకాల సామాను అద్దెకిచ్చే షాపు నుంచే తెచ్చాం. లోపల "దుర్యోధన" అని రాసి ఉంది. మీ హేరోదు గారు పెట్టుకున్నదీ అదేలా ఉంది. దయచేసి డైరెక్టరు గారికి చెప్పకండి.

---

రేపల్లె

నాయనా వినయ్ కుమార్,

నీడపట్టున ఉండేది రాజు కాదు, ఊరగాయ జాడీ. రాజ్యం ఏలేవాడు రేవులు చూడాలి, పొలాలు చూడాలి, గుర్రమెక్కి తిరగాలి. మీ పూర్ణచంద్రరావు గారిని ఒక్క వైశాఖం పెనుమూడి కరకట్ట మీద తిప్పు. ఏ రంగులో తిరిగొస్తారో అదే కుబీరకుడి రంగు. ఇంకోటి, పాత శిల్పాలు చూస్తే తలపాగాలు కనబడతాయి. దుర్యోధనుడి తగరం ముక్క ఎక్కడా కనబడదు.

నేను వద్దనే అన్నాను. సుందరయ్యే వినలేదు. "వెనకైనా నిలబడతానక్కా. రాజు జనంతో ఎట్టా మాట్లాడతాడో దగ్గర్నుంచి చూస్తా" అన్నాడు. సరే, పంపుతున్నా. ఒక్క షరతు. వాడి చేత దండాలు పెట్టించకూడదు. తల వంచమంటే నేను ఒప్పుకోను. మోకాళ్లు వంచమంటే అవి ఒప్పుకోవు. స్తంభాలెక్కి అరిగిపోయాయి.

ఇట్లు,
కమలమ్మ

తా.క. జనం వేషాలకు మా రేపల్లె, నిజాంపట్నం వాళ్లే బస్సెక్కుతున్నారని విన్నాను. టిఫిన్ దగ్గర లోటు చేశావంటే చరిత్రలో లేని తిరుగుబాటు చూస్తావు.

---

బాపట్ల

కమలమ్మ మేడం గారికి,

నమస్కారం పెట్టబుద్ధి కావడం లేదు. పద్ధతి కాబట్టి పెడుతున్నాను.

మీరు చేసింది ఏమైనా బాగుందా అండి? ప్రజలు రాజుకు మొరలు చెప్పుకునే సీను. మోడల్ గారికి తెలుగు రాదు. మాటలు ఎలాగూ తీసేసి వెనకనుంచి వ్యాఖ్యానం వేస్తాం కాబట్టి, మీ నిజమైన కష్టాలే చెప్పుకోండి, ముఖంలో సహజంగా ఉంటుందని డైరెక్టరు గారు జనానికి చెప్పారు. అదే మా కొంప ముంచింది.

మొదట నిజాంపట్నం వెంకటసుబ్బులు గారు వచ్చారు. చేపల వ్యాపారం చేసే ఆవిడ. చేతులు జోడించి, రాజుగారి భుజం మీదుగా వెనక్కి చూసి, "సుందరయ్య అన్నయ్యా, మా వీధిలో మళ్లీ కరెంటు పోతందయ్యా. ఐసు కరిగి సరుకంతా పాడైపోతంది" అన్నారు. భటుడన్నవాడు బొమ్మలా నిలబడాలా వద్దా? మీ తమ్ముడు గారు బల్లెం గోడకు ఆనించి, "నేను రిటైరైపోయా కదమ్మా. అయినా కొత్త కుర్రోడికి చెబుతాలే. నువ్వు దిగులు పడమాక" అన్నారు.

ఇక ఆగారా? మీటరు కాలిపోయినవాళ్లు, తీగ వేలాడుతున్నవాళ్లు, పెన్షను ఆగినవాళ్లు, అల్లుడితో పడనివాళ్లు. అందరూ మీ తమ్ముడికే చెప్పుకున్నారు. ఆయన ఒక్కరిని కూడా విసుక్కోకుండా విన్నారు. చివరికి మా రాజుగారు కూడా జనానికి అడ్డంగా ఉన్నానని సింహాసనంలో కొంచెం పక్కకు జరిగారు!

ఇది ముందే నేర్పి పంపిన కుట్ర అని డైరెక్టరు గారు తేల్చారు. సుందరయ్య గారిని అందరి ముందూ కేకలేసి పంపించేశారు. ఇందులో నేను చేయగలిగింది ఏమీ లేదు.

భవదీయుడు,
వినయ్ కుమార్

తా.క. మధ్యలో మిల్లులో లైట్లన్నీ ఆరిపోయాయి. వెళ్లిపోతూ ఆయనే బాగుచేసి వెళ్లారు. ఈ సంగతి కూడా డైరెక్టరు గారికి తెలియదు.

---

రేపల్లె

వినయ్ కుమార్ గారికి,

కుట్ర చేయడం నా అలవాటు కాదు. చేసినా ముందు ఉత్తరం రాసి చేస్తాను.

జనం ఎవరి ముఖం చూసి కష్టం చెప్పుకుంటారో వాడే రాజు. దీనికి రాతిపెట్టె సాక్ష్యం అక్కర్లేదు. మీ కెమెరా ముందే జరిగింది, మీకే కనబడలేదు. మీకు రంగు తప్ప ఇంకేమీ కనబడదు.

సుందరయ్య ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. తర్వాత ఒకే మాట అన్నాడు. "అక్కా, ఈ డిసెంబరుకి హేరోదు కూడా వెయ్యనని కమిటీకి చెప్పు. నాకు ఏ రాజూ వద్దు." నాకు గుండె తరుక్కుపోయింది. అరిగిన మోకాళ్లతో కూడా నిటారుగా నిలబడ్డ మనిషిని మీరు కూలదోశారు. మీ డైరెక్టరు మా ఇంటికొచ్చి మా తమ్ముడికి క్షమాపణ చెబితే చెప్పాలి, లేకపోతే మన ఉత్తరాలు ఇక్కడితో సరి.

కమలమ్మ

తా.క. రాస్తే చదవను. చదివినా జవాబివ్వను. జవాబిచ్చినా వందనాలు పెట్టను.

---

తెనాలి

పూజ్యులైన కమలమ్మ అమ్మగారి పాదపద్మములకు వినయ్ కుమార్ సాష్టాంగ నమస్కారములు.

చదవనన్నారు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

తీసినంతవరకు ఢిల్లీలో మాకు డబ్బు పెట్టే చానెల్ వాళ్లకు చూపించాం. మాటలు తీసేసి, ఉత్త బొమ్మ. డైరెక్టరు గారు తిట్లు తినడానికి సిద్ధపడే వెళ్లారు. అక్కడి పెద్ద మేడం మొత్తం చూసి లేచి నిలబడ్డారట. "ఇన్ని డాక్యుమెంటరీలు చూశాను, జనం ఇలా నమ్మకంగా చూసే రాజును ఎక్కడా చూడలేదు. ఈ నటుణ్ణి ఎక్కడ పట్టారు?" అన్నారట. మోడల్ గారి గురించే అనుకుని మా డైరెక్టరు ముంబయి అన్నారు. ఆవిడ, "ముందు కూర్చున్న ఆ తెల్లాయన కాదండీ, ఆయన యవన రాయబారి కదా. భాష రాక తికమకపడుతున్నట్టు భలే చేశాడు. నేను అడిగేది వెనక నిలబడ్డ రాజు గురించి" అన్నారట. నిరాడంబరంగా, తన కిరీటం, ఆసనం రెండూ అతిథికిచ్చి తాను నిలబడి మొరలు వినే రాజు అని ఆవిడ పుస్తకంలో రాసుకున్నారట కూడా.

మా డైరెక్టరు గారు అప్పుడు జీవితంలో మొదటిసారి తెలివైన పని చేశారు. "అవునండి" అన్నారు.

అమ్మా, ఇక మా బతుకు సుందరయ్య గారి చేతిలో ఉంది. మిగతా సీన్లన్నీ ఆయనే రాజుగా చేయాలి. కారు పంపుతాం. బాపట్ల రమ్మని మీరే చెప్పాలి.

మీ విధేయుడు,
వినయ్ కుమార్

తా.క. రాజు రంగు సంగతి ఢిల్లీ మేడం అడిగితే, రాజులు ఎండలో తిరుగుతారని తాను మొదటినుంచీ చెబుతూనే ఉన్నానని పూర్ణచంద్రరావు గారు అన్నారు.

---

రేపల్లె

వినయ్ కుమార్,

వందనాలు పెట్టడం లేదు. మాట అంటే మాటే.

నీ ఉత్తరం సుందరయ్యకు గట్టిగా చదివి వినిపించాను. రెండోసారి వాడే చదువుకున్నాడు. మూడోసారి వీధి అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లకు వినిపించాడు. ఆ తర్వాత లోపలికొచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని తన నిర్ణయం చెప్పాడు. బాపట్ల రాడట. "రాజెక్కడుంటే సభ అక్కడే. వాళ్లనే రేపల్లె రమ్మను" అన్నాడు. కాబట్టి మీ కెమెరాలు, మీ జనం, మీ డైరెక్టరు, ఆయన క్షమాపణ, అన్నీ ఇటే రావాలి. ముంబయి అబ్బాయిని తప్పించకూడదు. భాష రాని ఊళ్లో వాణ్ణి ఒంటరిగా వదిలేయొద్దని, పక్కనే కూర్చోబెట్టుకుంటానని చెప్పాడు. ఆ మాట అన్నప్పుడు వాడి ముఖం చూస్తే నాకు కళ్లు చెమర్చాయి. ఇలాంటి రాజుకేనా ఇన్నేళ్లూ హేరోదు వేషం వేశారని మళ్లీ కోపం వచ్చింది.

ఆ కోపం పూర్తికాకముందే రెండో ఆజ్ఞ వచ్చింది. షూటింగుకు వచ్చిన ప్రతి మనిషికీ మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనేనట. పప్పు, చేపల పులుసు, రాయబారికి కారం తక్కువ. ఎవరు వండాలని అడిగితే, జనానికి మంచి చేసేటప్పుడు అలాంటి చిన్న విషయాలు రాజు ఆలోచించడన్నాడు.

రాజులు ఇలాగే ఉండేవారని నేను పాఠంలో ఏటేటా చెప్పినదాన్నే. ఒకడు మా వంటింటి గుమ్మంలో నిలబడి పులుసులో మామిడికాయ వేయమంటాడని మాత్రం అనుకోలేదు.

ఇట్లు,
కమలమ్మ

తా.క. నేను వండను. పొయ్యి ఆర్పేసి, పులుసుకు చేపలు తెచ్చిన వెంకటసుబ్బులుతో కలిసి అరుగు మీద కూర్చున్నాను. రాజుగారు ఇప్పటికి రెండుసార్లు రాయబారం పంపారు, లొంగలేదు. ముందు ఈ తిరుగుబాటును తీయండి. చారిత్రక వాస్తవికత కావాలన్నారుగా.