ఇత్తడి బ్రిడ్జి

వినుకొండ,
జూన్ 4.

ఒరేయ్ ప్రసాదూ,

నీకు నా సలాం. ఫోన్ చేద్దామంటే ఆ గ్రానైట్ మిషన్ల పక్కన లేత్ మిషన్ షెడ్డు పెట్టుకుని చెవులు పోగొట్టుకున్నావు. నీతో ఫోన్లో మాట్లాడితే వినుకొండంతా వింటుంది, నువ్వు తప్ప. అందుకే ఈ ఉత్తరం.

ఫిబ్రవరిలో నాకు పక్షవాతం వచ్చిన సంగతి నీకు తెలుసు. రెండు నెలలు గుంటూరు ఆసుపత్రిలో ఉన్నాను. కాలు దారికొచ్చింది. నోరూ దారికొచ్చింది, అదొక్కటీ రాకపోయినా బాగుండేదని మా అమ్మాయి ఉజ్మా అంటోంది. ఎడం చెయ్యి మాత్రం రాలేదు. ఎవరో మరిచిపోయి వెళ్ళిన సంచిలాగా ఒళ్ళో పడుంటుంది.

ఇరవై ఆరేళ్ళు ప్రతి రెండో ఆదివారం మార్టూరు నుంచి బస్సెక్కి వచ్చి, నా పూల్ హాల్లో నన్ను ఓడించి పోయేవాడివి. ఇప్పుడు బల్ల మీద ఎడం చెయ్యి ఆనించి దాని మీద కర్ర నడిపి బంతి కొట్టలేను. హాలు తాళం కూడా తియ్యడం లేదు. నీతో ఒక్క ఆట ఆడగలిగితే బతికున్నానని నమ్ముతాను. అందుకని నాకు మంచి రెస్ట్ కావాలి. ఎలాంటిదైతే బాగుంటుందో నీకంటే ఎవరికి తెలుసు? చూసి చెప్పు.

నీ
హయాత్

తా.క. చెయ్యి పోయినందుకు ఏడవలేదురా. నువ్వు ఒక్కసారీ చూడ్డానికి రానందుకు ఏడ్చాను. ఉజ్మా చూసి "కంట్లో కారం పడిందా అబ్బా?" అంది. అవునన్నాను. ఈ మిరపకాయల దేశంలో ఆ అబద్ధం ఎవరైనా నమ్ముతారు.


మార్టూరు,
జూన్ 11.

ఒరేయ్ హయాత్ గారూ,

నమస్కారం. నా కుడిచేతి వేలికి మిషన్ తగిలి కట్టు కట్టారు. నేను చెబుతుంటే మల్లేశ్వరి రాస్తోంది. రాలేకపోవడానికి కూడా అదే కారణం, మనసులో పెట్టుకోవద్దు.

రెస్ట్ కావాలన్నారు, అదే, అన్నావు. చాలా మంచి ఆలోచన. మధ్యాహ్నం భోజనం అయ్యాక రెండు గంటలు పడుకో. ఎడం పక్కకి మాత్రం తిరగొద్దు. పొద్దున్నే రాగిజావ తాగు. గొడ్డుకారం, పచ్చళ్ళు కొన్నాళ్ళు ఆపెయ్యి. అన్నిటికంటే మంచి రెస్ట్ కావాలంటే ఇంకొల్లులో మా అక్కగారి మేడ మీద గది ఖాళీగా ఉంది. గాలి ధారాళంగా వస్తుంది, దోమలు కూడా తక్కువే. ఆ బంతులాట ఎక్కడికి పోతుంది? ముందు ఒళ్ళు కుదుటపడనీ.

ఇట్లు
దుర్గాప్రసాద్

తా.క. మల్లేశ్వరి నన్ను చాలా బాగా చూసుకుంటోంది. అలాంటి భార్య దొరకడం నా అదృష్టం.


వినుకొండ,
జూన్ 17.

ఒరేయ్ వెధవా,

చెయ్యి పోయి నేను కూర్చుంటే నీకు పరాచికాలా? రెస్ట్ అడిగితే పడుకోమంటావా? నాలుగు నెలలుగా పడుకోవడం తప్ప నేను చేస్తున్నదేముంది? సరే, ఇంకో పేరుతో చెబుతాను. బ్రిడ్జి! నాకు బ్రిడ్జి కావాలిరా! ఇప్పుడైనా బుర్రకెక్కిందా?

మొన్న చెకప్‌కని గుంటూరు వెళ్ళినప్పుడు ఒకచోట చూశాను. ప్లాస్టిక్‌ది. ముట్టుకుంటే కదులుతోంది. కదిలే బ్రిడ్జి ఎవడిక్కావాలి? పైగా గాట్లు గరుకుగా ఉన్నాయి, తగిలిన చోటల్లా గీరుకుపోతుంది. మంచిదంటే బరువుగా ఉండాలి, పెట్టిన చోటి నుంచి కదలకూడదు, నున్నగా ఉండాలి. ఎత్తుది ఒకటి, పొట్టిది ఒకటి, రెండూ కావాలి. నాకైతే ఇత్తడిది మేలనిపిస్తోంది. నువ్వేమంటావు?

నీ
హయాత్

తా.క. నువ్వు పెళ్ళాన్ని మెచ్చుకోవడమేంట్రా? మిషన్ తగిలింది వేలికా, తలకా?


మార్టూరు,
జూన్ 24.

ఒరేయ్ హయాత్,

ఇప్పుడర్థమైంది. పళ్ళకి కట్టించుకునే బ్రిడ్జని మొదటే చెబితే ఇంత దూరం వచ్చేది కాదు కదా! మల్లేశ్వరి వెంటనే ఇక్కడి పళ్ళ డాక్టరు ఫెబా గారి దగ్గరకు వెళ్ళి అన్నీ కనుక్కుంది.

ఇత్తడి బ్రిడ్జి ఎవరూ వెయ్యరట. ఆవిడ సర్వీసులో ఇలా అడిగినవాళ్ళే లేరట. పులుసు కూర తిన్నప్పుడల్లా చిలుం పడుతుంది, రోజూ నోరు చింతపండేసి తోముకోవాల్సి వస్తుంది. ఎత్తుది పై పళ్ళకనీ పొట్టిది కింది పళ్ళకనీ విడమరిచి చెబితే, ఆవిడ రెండుసార్లు మళ్ళీ చెప్పించుకుంది. బరువైనది అసలు వద్దంది. దవడ జారిపోయి నోరు మూతపడదట. పింగాణీది వేయించుకో. నున్నగానూ ఉంటుంది, కదలదు కూడా.

ఇట్లు
దుర్గాప్రసాద్

తా.క. పళ్ళు బాగోలేవని ముందే తెలిస్తే, అన్నం మెత్తగా వండి పంపేదాన్ని కదా.


వినుకొండ,
జూన్ 30.

చెల్లెమ్మా మల్లేశ్వరీ,

ఈ ఉత్తరం నీకే. "పంపేదాన్ని" అని రాశావు. ఆ మాట మళ్ళీ మళ్ళీ చదివాను. రాసేటప్పుడు నీ మాట కలిసిపోయిందేమోనని సరిపెట్టుకునేవాణ్ణే. కానీ ప్రసాదు బతికుండగా బ్రిడ్జి అంటే పళ్ళనుకునే మనిషి కాడమ్మా.

ఉజ్మాని పిలిచి అడిగాను. ఏడ్చేసింది. మార్చి తొమ్మిదిన గుండె ఆగిపోయిందట కదా. ఆసుపత్రిలో డాక్టరు నాకు పెద్ద వార్తలేవీ చెప్పొద్దన్నాడని, తనే నిన్ను బతిమాలుకుందట. మీ ఇద్దరి మీదా నాకు కోపం లేదు. నా మీదే ఉంది. పోయినవాణ్ణి పట్టుకుని, చూడ్డానికి రాలేదని నిష్ఠూరమాడాను, వెధవా అని తిట్టాను.

బ్రిడ్జి అన్నా రెస్ట్ అన్నా ఏమిటో నీకు ఎవరూ చెప్పలేదు కదా. పొడుగాటి కర్ర చివర పిడికిలంత ఇత్తడి ముక్క. పైన మూడు గాట్లు ఉంటాయి. బల్ల మీద పెట్టి, ఒక గాట్లో ఆట కర్ర ఆనించి బంతిని కొడతారు. ఎడం చెయ్యి చేసే పని అది చేస్తుంది. అంతే.

ఇంకొకటి. వాడు నిన్ను నా దగ్గర కూడా ఎప్పుడూ మెచ్చుకోలేదు, అబద్ధం చెప్పను. కానీ ఎంత గెలుస్తున్నా సరే, ఆరు కాగానే కర్ర పక్కన పెట్టేసేవాడు. "మల్లేశ్వరి అన్నం తినకుండా కూర్చుంటుందిరా" అని బస్సుకి పరిగెత్తేవాడు.

నీ అన్న
హయాత్

తా.క. నా పళ్ళు ముప్పై రెండూ గట్టిగానే ఉన్నాయి. ఫెబా గారికి చెప్పు, పాపం ఆలోచిస్తూ ఉంటుంది.


మార్టూరు,
జూలై 6.

హయాత్ అన్నయ్య గారికి మల్లేశ్వరి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి నేరుగా వంటింట్లోకి వెళ్ళాను. కొత్తావకాయ జాడీ మూత ఎగరకుండా దాని మీద ఒక ఇత్తడి ముక్క పెట్టాను. షెడ్డు ఖాళీ చేసినప్పుడు ఆయన బల్ల మీద దొరికింది. ఏదో మిషన్ సామానులే అనుకున్నాను. కిందికి దించి తోమి చూస్తే పైన గాట్లు ఉన్నాయి.

మీకు జబ్బు చేసిందని తెలిసిన రోజు నుంచీ ఆయన షెడ్డు వదల్లేదు. "పోయి చూసి రావచ్చు కదండీ" అంటే, "వాడి దగ్గరకి ఉత్త చేతులతో వెళ్తానా?" అనేవారు. రెండు డజన్ల బత్తాయిలు కొనడానికి ఇన్ని రోజులా అని నేను అరిచాను కూడా. మీకోసం ఏం చేస్తున్నారో నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆయన మిమ్మల్ని మరిచిపోయి రాకపోవడం కాదన్నయ్యా.

మొదటి ఉత్తరం ఉజ్మా కోసమే రాశాను. రెండోది నా కోసం. "ఒరేయ్" అని రాస్తుంటే ఇంట్లో ఆయన మాట వినిపించినట్టుండేది. మొదటిదాంట్లో భార్య దొరకడం అదృష్టం అన్నది కూడా నాకు నేనే రాసుకున్నాను. సిగ్గుగా ఉంది, క్షమించండి.

ముక్కకి రెండు గాట్లే ఉన్నాయి. వేలు పెడితే జారిపోయేంత నున్నగా ఉన్నాయి. మూడోదానికి గీత గీసి వదిలేశారు. షెడ్డు తీసుకున్న ఆదాం అయిదు నిమిషాల్లో కోసిస్తానన్నాడు. నేనే వద్దన్నాను. రెండు గాట్లతో ఆట సాగుతుందా? సాగదంటే చెప్పండి, కోయిస్తాను. వచ్చే రెండో ఆదివారం నేనే పట్టుకుని వస్తాను. హాలు తాళం తీసి ఉంచండి. ఆయన వంతు వచ్చినప్పుడు కర్ర నేను పట్టుకుంటాను, ఎటు కొట్టాలో మీరే చెప్పాలి.

మీ చెల్లెలు
మల్లేశ్వరి

తా.క. ఆరు గంటల బస్సు పోతే పోనివ్వండి. అన్నం తినకుండా ఎదురుచూసే మనిషి ఇప్పుడు ఇంట్లో లేదు. ఆట పూర్తిగా ఆడదాం.