బాపు కారుకు ఆయిలెప్పుడు మార్చాలె

చేవెళ్ల,
శ్రావణ సోమవారం.

చిరంజీవి తమ్ముడు భూపాల్‌కు పెద్దక్క దీవెనలు.

నిన్నటి పొద్దు సంగతి రాస్తున్న. ఎప్పటి తీరే లేచిన. వాకిలి ఊడ్చి, సాన్పు చల్లి, స్నానం చేసి దీపం పెట్టిన. మీ బావకు చాయ ఇచ్చిన. తర్వాత కొట్టం తలుపు తీసి బాపు కారు మీది గుడ్డ తొలగించిన. ఈ మధ్య ఒక కోడి లోపలికి దూరి బానెట్ మీద పడుకుంటున్నది. దాన్ని దింపి, తుడిచి, బొట్టు పెట్టిన. లోపల కూర్చొని తాళం తిప్పిన. ఇంజన్ రెండు దగ్గులు దగ్గి అందుకున్నది. లలితా సహస్రనామం మొదటి పుట మనసులో అయ్యేదాకా నడవనిచ్చి ఆపిన. వానలు మొదలైనప్పుడు నువ్వు బండి ఇక్కడ పెట్టిపోయిన రోజు నుంచి ఇదే నా నిత్యపూజ. తాళం తిప్పడం, ఆపడం వరకు బాపే నేర్పిండు. గేరు సంగతి తర్వాత చెప్తనన్నడు. ఆ తర్వాత రాకముందే బాపు పోయిండు.

నిన్న ఎందుకో ఆయిల్ పోసే మూత తీసి చూసిన. మూత కింద మీగడ లాంటిది పట్టి ఉన్నది. ఇంజన్‌లో మీగడ ఉండొచ్చునా? నీ ఎలక్షన్లకు, రెండు పెండ్లిళ్లకు బయటికి వచ్చి, మిగతా కాలమంతా కొట్టంలో నిలబడే బండికి ఆయిల్ ఎన్నాళ్లకొకసారి మార్చాలె? నువ్వు బండి నడిపేవాడివి, తెలిసి ఉంటది. రాయి.

పోయినసారి నువ్వన్న మాట మరిచిపోలేదు. దసరా పూజ నాటికి బండి సాఫీగా నడవకపోతే ఎక్స్‌చేంజ్‌కు ఇచ్చేస్తనన్నవు. అది బాపు బండి. ఇయ్యనియ్యను.

దసరా దాకా మౌనం పట్టిన కాబట్టి ఫోన్ లేదు. మెసేజ్ కూడా మాటే అని నా లెక్క. ఉత్తరం మాత్రం మాట కాదు. సాముయేలు పూలవ్యాను రోజూ మీ మొయినాబాద్ మీదుగనే పోతది. జవాబు అతని చేతికియ్యి.

నీ పెద్దక్క,
శకుంతల.

తా.క.: మౌనం పట్టినంక ఇల్లు నిమ్మళంగా ఉన్నదని మీ బావ చుట్టాలందరికీ ఫోన్ చేసి చెప్తున్నడు. మౌనం నా నోటికే, చెవులకు కాదు.

~

మొయినాబాద్,
గురువారం.

పెద్దక్కకు భూపాల్ దండాలు.

పెద్దక్కా, పదో తరగతి పరీక్షలైనంక కాగితం మీద ఇన్ని అక్షరాలు రాసుడు ఇదే మొదలు. నీ మరదలు సమత పక్కన కూర్చొని తప్పులు దిద్దుతున్నది. నీ మౌనం నా చావుకొచ్చింది.

ఆయిల్ గురించి జర్రంత గూడ ఫికర్ జెయ్యకు. ఆయిల్‌ను కిలోమీటర్ల లెక్కన మారుస్తరు. బండి తిరిగితెనే ఆయిల్ పాడైతది. తిరగని బండికి ఆయిల్ మార్చుడంటే తొడగని అంగిని ఉతికినట్టు. ఇంక మూడేండ్లు దాని జోలికి పోకు.

కానీ ఇంకో మాట. నువ్వు పొద్దుపొద్దున స్టార్ట్ జేసి, ఒక్క పేజీ చదివి బంద్ జేస్తున్నవు గద, అదే తప్పు. ఇంజన్ మంచిగ వేడెక్కక ముందే ఆపితే లోపల చెమ్మ పడ్తది. ఆ మీగడ గదే. స్టార్ట్ జేస్తే వేడెక్కేదాక రోడ్డు మీద నడపాలె, లేకుంటే అసలు ముట్టొద్దు. మధ్యరకం పూజ వద్దు.

ఎక్స్‌చేంజ్ మాట మాత్రం పక్కా. దోస్తు ఒకడు కొత్త బండి చూపించిండు, అద్దాలు వాటంతటవే దిగుతయి. ఎలక్షన్లల్ల నేను బాపు కారు దిగితే జనం దండం పెడ్తరు, కాదంటలేను. కానీ పోయినసారి దండం పెట్టినోళ్లే తోసిన్రు గూడ. మళ్ళ తోయమని ఏ ముఖం పెట్టుకొని అడగాలె?

నీ తమ్ముడు,
భూపాల్.

తా.క.: ఆ కోడిని బానెట్ మీద పడుకోనియ్యకు. గుడ్డు పెట్టిందంటే అది కారున్నోళ్లదా, కోడి ఉన్నోళ్లదా అని మళ్ళ నన్నే పంచాయతీకి పిలుస్తరు.

~

చేవెళ్ల,
శ్రావణ శుక్రవారం.

చిరంజీవి భూపాల్‌కు దీవెనలు.

నీ ఉత్తరం చదివిన. సగం ఒప్పుకున్న.

తిరగకున్నా ఆయిల్ పాతబడుతది. మూత పెట్టి దేవుని గూట్లో దాచిన నెయ్యి కూడా ఏడాదికి వాసన పడుతది. నిన్న మెకానిక్‌ను ఇంటికి పిలిపించి మార్పించిన. పాత ఆయిల్ పాలు పోసిన చాయ తీరుగా దిగింది. ఇక మీదట తిరిగినా తిరగకున్నా ఏడాదికొకసారి మార్చాలె. అదీ గుడ్డ కప్పే ముందే. పాడైన ఆయిల్‌ను కడుపులో పెట్టుకొని బండి నెలల తరబడి పండుకోవద్దు.

మిగతా సగం నువ్వు చెప్పినట్టే చేస్తున్న. బండి వేడెక్కేదాకా రోడ్డు మీద నడుస్తున్నది.

దేవుడు నిన్ను చల్లగా చూడాలె.

పెద్దక్క.

తా.క.: హారన్ కొడితే మౌనం చెడుతుందా అని పంతులుగారిని చీటీ రాసి అడిగిన. "కొట్టేది చెయ్యే గదమ్మా" అన్నడు.

~

మొయినాబాద్,
వినాయకుని నిమజ్జనం తెల్లారి.

పెద్దక్కకు దండాలు.

రోడ్డు మీద నడుస్తున్నదని రాసినవు. ఎవరు నడుపుతున్నరో రాయలే. నీ కొడుకు హరీష్ ఉద్యోగం మీద పుణెల ఉన్నడు. బావకు సైకిలే సక్కగ రాదు. సరే, ఎవరో డ్రైవర్‌ను పెట్టుకున్నవనుకున్న.

నిన్న నాకు ఒక ఫోన్ వచ్చింది. దొంతన్‌పల్లి దిక్కు కొత్త ప్లాట్ల వెంచర్‌ల మన కారు గుండ్రంగ తిరుగుతున్నదట. ఇటుకలు వరుసగ పేర్చిన్రట. నడిమిట్ల ఒకామె నిలబడి చేతులూపుతున్నదట. ఆగు అంటే ఆగుతదట. మళ్ళ అంటే ఎనకకు పోయి మొదటి నుంచి వస్తదట. పొద్దంత అదే పనట. దుమ్ముల ముందు ఎవరున్నరో కనబడలేదట. చూసినోడు "అన్నా, మీ బాపు కారుకు సినిమాల చాన్స్ వచ్చినట్టున్నది గద" అని నవ్వుతున్నడు.

నాకు సమజైంది. జన్వాడ ఫామ్‌హౌసుల దిక్కు రోజూ ఏదో ఒక షూటింగ్ నడుస్తనే ఉంటది. పాత కార్ల కోసం తిరుగుతనే ఉంటరు. పెద్దక్కా, దేవుని మీద ఒట్టేసి చెప్పు. బాపు కారును షూటింగ్‌కు కిరాయికిచ్చినవా?

నీ తమ్ముడు,
భూపాల్.

తా.క.: హీరో ఎవరో అడుగుమని మా బిడ్డ పింకీ పొద్దటి నుంచి నా పానం తీస్తున్నది.

~

చేవెళ్ల,
మంగళవారం.

చిరంజీవి భూపాల్‌కు దీవెనలు.

ఒట్లు పెట్టను. కిరాయికియ్యలేదు.

చేతులూపే ఆమె పేరు కవిత. ఓపిక గల మనిషి. ఎన్నిసార్లు తప్పు పోయినా మొదటి నుంచి చేయిస్తది, విసుక్కోదు. ఇంజన్ మంచిగా వేడెక్కుతున్నది. మూత కింద మీగడ మళ్ళీ పట్టలేదు. నువ్వు అడగవలసింది అది.

మౌనంలో ఇంతకంటే ఎక్కువ రాయడం బాగుండదు.

పెద్దక్క.

తా.క.: పింకీకి చెప్పు, హీరో ఎవరూ లేరు. మీ బావ ఒక్కడే వెనక సీట్లో కూర్చుంటడు. బండి కదిలింది మొదలు ఆగేదాకా కండ్లు తెరవడు.

~

మొయినాబాద్,
ఎంగిలిపూల బతుకమ్మ.

పెద్దక్కా!

షూటింగ్ కాదంటవు, మళ్ళ డైరెక్టరమ్మ పేరు నువ్వే చెప్తవు. తప్పు పోతే మొదటి నుంచి చేయిస్తదట! గది షూటింగ్ కాకుంటె మరేంది?

బావ సంగతి రెండుసార్లు చదివిన. ఎనక సీట్ల, కండ్లు మూసుకొని, బండి ఆగేదాక తెరవకుంట! గది శవం వేషమే గద పెద్దక్కా! బాపు కూర్చున్న సీట్ల! పండుగ దినాలల్ల!

పొద్దున సురంగల్ పోతే ఒక పెద్దమనిషి నా రెండు చేతులు పట్టుకొని "మీ బావ సంగతి తెలిసింది, ధైర్యంగ ఉండు బిడ్డా" అన్నడు. నేను బావ పోయిండనుకున్న. దండ తెమ్మని సమతకు ఫోన్ గూడ జేసిన. ఇంట్ల మన అవ్వ ఏడ్పు షురూ జేసింది. ఆఖరికి బావకే చేస్తే ఎత్తిండు. "బావా, ఆ కార్ల ఏం నడుస్తున్నది?" అంటే "నన్నడుగకు భూపాల్, నేను ఒక్కనాడు గూడ కండ్లు తెరిచి చూడలే" అని పెట్టేసిండు.

ఇగ చాలు. దసరా నాడు దోస్తును తోలుకొని వస్తున్న. కారు అప్పజెప్పు. తాళంచెవి, కాగితాలు రెడీగ పెట్టు. ఈసారి నువ్వు చెప్పినా వినను.

భూపాల్.

తా.క.: బావకు అంత షోకుంటే కనీసం బతికున్న మనిషి వేషం అడగమను.

~

మొయినాబాద్,
దసరా సాయంత్రం.

చిరంజీవి తమ్ముడు భూపాల్‌కు పెద్దక్క విజయదశమి దీవెనలు.

పైన ఊరి పేరు తప్పు రాయలేదు. నీ ఇంట్లో, నీ కుర్చీలో కూర్చొని రాస్తున్న. నువ్వేమో చేవెళ్లలో మా అరుగు మీద, ఖాళీ కొట్టం ముందు కూర్చొని ఉంటవు. నీకు ఫోన్ చెయ్యొద్దని, నువ్వు చేస్తే ఎత్తొద్దని ఇక్కడ అందరికీ సైగ చేసిన. ఈ మాట నేనే చెప్పాలె. మౌనం రేపు పొద్దున దీపం పెట్టి విడుస్త, అందుకే ఉత్తరం. సాముయేలు పూలన్నీ అమ్ముకొని తిరిగిపోతూ నీకిస్తడు.

తాళంచెవి రెడీగా పెట్టమన్నవు. రెడీగానే ఉన్నది, నా కొంగుకు.

వేడెక్కేదాకా రోడ్డు మీద నడపాలె అని రాసింది నువ్వే. ఎవరు నడపాలెనో రాయలేదు. డ్రైవర్‌ను పెట్టుకుంటే ఆయన రాని నాడు బండి మళ్ళీ కొట్టంలోనే. అందుకని నేనే నేర్చుకున్న. కవిత ఆడవాళ్లకు బండి నేర్పుతది. షూటింగ్ అనుకున్నది నా పాఠం. ఇటుకల నడుమ నుంచి వెనక్కి తీయడం నేర్పింది. మీ బావ నన్ను ఒంటరిగా పంపనని మొండికేసి రోజూ వెనక ఎక్కిండు. భయపడి కండ్లు మూసుకున్నడు. అయినా ఒక్కనాడు కూడా రాను అనలేదు.

లైసెన్స్ పోయిన వారం వచ్చింది. టెస్టులో ఆఫీసర్ కుడి అన్నడు, ఎడమ అన్నడు, ఆపు అన్నడు. నోటితో చెప్పే జవాబు ఏదీ అడగలేదు. "గిట్ల ఎదురు మాట్లాడకుంట తోలేటోళ్లను ఇప్పటిదాక చూడలే" అన్నడట కవితతో.

పొద్దున పూజ చేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి బయలుదేరిన. నువ్వు వచ్చేలోపల బండిని అవ్వకు చూపించాలె అనుకున్న. సగం దారిలో నువ్వు నీ దోస్తు కొత్త బండిలో ఎదురొచ్చినవు. హారన్ కొట్టిన. నువ్వు ఫోన్ చెవి దగ్గరినుంచి తీయకుండా, పక్కకు తియ్యమని చెయ్యి ఊపినవు. తీసిన. బాపు కారును నువ్వే గుర్తుపట్టలేదు. ముందు సీట్లో ఆడమనిషి ఉంటే అది మన కారు కాదనుకున్నవేమో.

అవ్వ గేటు దాకా వచ్చింది. "ఎవలే తోలుకొచ్చింది?" అన్నది. కొంగుకున్న తాళంచెవి ఆడించి చూపిన. అవ్వ కారు చుట్టూ తిరిగింది. బానెట్ మీద చెయ్యి పెట్టి, "కాలుతున్నది" అన్నది. తర్వాత నా చెంప పట్టుకొని, "మీ బాపు తర్వాత చెప్తనన్న గేరు సంగతి ఎవలు చెప్పిన్రే?" అని అడిగింది. మౌనం విడిచినంత పనైంది. విడవలేదు.

సమత "వదినా, నాకు గూడ నేర్పు" అన్నది. పింకీ హీరో దొరికిందని వాడంతా చెప్పి వచ్చింది. మీ బావ ఈరోజు దారిలో మొదటిసారి కండ్లు తెరిచిండు. మళ్ళీ మూసుకున్నడు. అయినా తెరిచిండు.

ఈ సాయంత్రం అందరం కూర్చొని తేల్చిన మాట రాస్తున్న. మాట అవ్వది, రాత నాది. బాపు కారు ఎక్స్‌చేంజ్‌కు పోదు. ఆయిల్ ఏడాదికొకసారి, తిరిగినా తిరగకున్నా, గుడ్డ కప్పే ముందే మార్చాలె. వారానికొకనాడు ఇంజన్ మంచిగా వేడెక్కేదాకా బండి ఊరి బయట తిరగాలె. తాళంచెవి నా దగ్గరే ఉంటది. నీ దోస్తుకు పండుగ అన్నం పెట్టి పంపు, బండి మాత్రం ఇయ్యకు.

నీకోసం తలుపుకు తాళం వెయ్యకుండా, వంటింట్లో సర్వపిండి మూత పెట్టి వచ్చిన. తిను. జమ్మి ఆకు జేబులో పెట్టుకో, రేపు పొద్దున నేనే వచ్చి తీసుకుంట.

నీ పెద్దక్క,
శకుంతల.

తా.క.: ఎలక్షన్లొస్తే బండి నీకే అని కూడా అనుకున్నరు. తోలేది నేను. నీది వెనక సీటు, మీ బావ పక్కన. కండ్లు తెరుచుకుంటవో మూసుకుంటవో నీ ఇష్టమని అవ్వ రాయమన్నది.