పెన్న దాటిన పిరికివాడు

జమ్మలమడుగు,
1957 అక్టోబరు.

పులివెందులలోని దేవపాలు బావకు వందనాలు.

దేవునికి వేవేల స్తోత్రాలు! మన మనుమరాలికి జ్వరం దిగింది, పాలు తాగుతోంది.

మొన్న పెన్న ఒడ్డున మీసం తిప్పుకుంటూ నా కొడుకు కృపానందంతో, "యాడికి పోతాండావురా పిరికోడా? ఏరు తగ్గినాక ఆసుపత్రికి పోదువులే" అంటివి. అని, బస్సెక్కి మీ ఊరికి పోతివి. నీ మీసానికి తడి అంటలేదు కదా? శానా సంతోషం.

మా కృపానందం బిడ్డను రొమ్ముకు కట్టుకుని ఏరు దాటించే పుట్టి ఎక్కినాడు. మోకాటిలోతు నీళ్లన్నా వానికి చిన్నప్పటి నుంచీ భయమే. "పరలోకమందున్న మా తండ్రీ" అని ప్రార్థన మొదలుపెట్టి, తర్వాతి మాట నోటికి రాక, అవతలి ఒడ్డు దాకా ఆ మాటే అరిచినాడు. పక్కనే కూర్చుని విన్నాను. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ప్రభువుకు కూడా చెమటలు పట్టినాయి బావా, మీసం తిప్పలేదు.

వచ్చే ఆదివారం పాపకు బాప్తిస్మం. మన సంఘంలో బిడ్డను తండ్రే ఎత్తుకుని నిలబడాలి కదా. వాని చేతులు ఇంకా వణుకుతూనే ఉన్నాయి. వచ్చి, ముందు వరుసలో కూర్చుని నవ్వుకో. బిడ్డను ఇమ్మని మాత్రం అడగొద్దు. ఆ వణికే చేతుల్లో నుంచి వాడు నాకే ఇవ్వడం లేదు.

ఇట్లు,
పిరికోని తండ్రి