అడ్డం పట్టిన చీర

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున దబీర్‌పురా రైల్వే స్టేషన్లో ఒకామె ఊపిరి ఆగి కూలిపోయింది. లాల్‌దర్వాజా సందులో నువ్వు పడినప్పటిలాగే, మగవాళ్ళు పరువు కోసమని చుట్టూ ఎవరి మూటలోదో చీర అడ్డం పట్టి, మొహాలు తిప్పుకుని నిలబడ్డారు. ఎవరూ ముట్టుకోలేదు.

నువ్వు పోయాకే నేను ఫ్యాక్టరీలో ప్రథమ చికిత్స నేర్చుకున్నాను. చీర తోసేసి, ఆమె రొమ్ముల మధ్య చేతులు పెట్టి నొక్కసాగాను.

ఒక ముసలాయన నా చొక్కా పట్టి లాగాడు. "పరాయి ఆడమనిషి మీద గట్ల చేతులేస్తవేందిరా? సిగ్గు లేదా?"

"సిగ్గున్నోల్లే మా అక్కను సంపిన్రు బాపూ. నాకొద్దు గా సిగ్గు!" అన్నాను, చేతులు ఆపకుండా.

కాసేపటికి ఆమె ఊపిరి పీల్చుకుంది. ఆ చీరలోనే పడుకోబెట్టి, దాన్ని అడ్డం పట్టినవాళ్ళతోనే ఆమెను ఆటోదాకా మోయించాను.