ఎరువు తెచ్చిన కుర్చీ

చోడవరం, 1973 జూన్, మంగళవారం రాత్రి.

నేను చెబుతున్నాను, మనవరాలు రాస్తోంది. అమ్మా నాన్నా లేని ఈ పిల్లకి సర్కారు హాస్టల్లో సీటు కోసం అర్జీ పెట్టాను. మా బీదరికం చూసి రాసుకోవడానికి ఈవేళ ఆఫీసాయన వచ్చాడు. పెద్దమనిషి కదా అని పక్కింటి సూరమ్మని అడిగి కుర్చీ, ఇత్తడి చెంబు, కాఫీ గ్లాసు ఎరువు తెచ్చాను. ఆయన కాఫీ తాగి, “నీకేటి లోటు మామ్మా?” అంటూ కాగితం మీద పిల్ల పేరు కొట్టేశాడు.

“అవి మావి కావు బాబూ! లోపలికొచ్చి కుండలు సూడు.”

“అందరూ అలాగే సెప్తారు.” సైకిలెక్కి వెళ్లిపోయాడు.

సూరమ్మ నవ్వింది. “కటికనేల మీద కూకోబెడితే సీటొచ్చేది గదప్పా!”

“నోర్ముయ్యే! ఇంటికొచ్చినోడికి మరియాద సేస్తే పిల్ల సదువు పోద్దా?”

పోయేలాగే ఉంది. సీటు రాకపోతే ఇది కూడా నాతో చెరకు తోటలో కలుపు తియ్యాల్సిందే. రేపు ఆఫీసుకి పోయి, మళ్లీ వచ్చి చూడమని అడుగుతాను. వస్తే మాత్రం నేల మీద కూర్చోమనడానికి నాకు నోరు రాదు.

“నువ్వు లోపలుండు మామ్మా. కింద కూకోమని నేను సెప్తాను” అంది పిల్ల.

ఆ ముక్క రాయొద్దన్నాను. రాసేసింది.